ఎనుక నుంచి వంత

“నాట్ల పాట నేనెత్తుత. అత్త నాకే చెప్పి పోయింది!” అన్నది ఎంకమ్మ.

“నీ గొంతుకు కొంగలు లేసిపోతయి. ఇగ ఊకో,” అన్నది ఆగమ్మ.

ఇద్దరు తోటికోడండ్లు. ఏటేటా నాట్లప్పుడు ఇదే పంచాది. మిగతా కూలోళ్లు సద్ది తిననీకె పోయిండ్రు. కాజీపల్లి మడిల వీళ్లిద్దరే మిగిలిండ్రు. పొద్దు నడినెత్తి మీదుంది. గాలి లేదు. ఊరి పక్క మందుల కంపెనీ కాల్వ నుంచి వాసన.

ఆగమ్మ ఇయ్యాల ఒక ఉపాయం పట్టుకొచ్చింది. ఆమె ఇంట్ల కిరాయికుండె షాబాన్ ఇరాన్ దేశపోడు, కంపెనీల మిషిన్లు బిగిస్తడు. వాళ్ల దేశంల మాజందరాన్ దిక్కు గూడ మన లెక్కనే ఆడోళ్లు పాడుకుంట వరి నాటుతరట. వాళ్లమ్మ పాట టేపుల పెట్టుకోని ఇంటుంటడు. ఆమె ఒక్కతే ఎత్తుతది. వంత రావాల్సిన జాగల... ఏం ఇనపడది.

“వంతోళ్లంత ఒక్కదినమే బురదల మునిగి సచ్చిండ్రు. ఇంటె ఇను అమ్మా, పాడకు మాత్రం,” అని వచ్చీరాని ఉర్దూల చెప్పిండు.

ఆగమ్మ ఇంటదా? ఎంకమ్మకు రాని పాట దొరికిందని సంబరపడ్డది. ఇప్పుడు గొంతెత్తి పాడింది. తెల్వని మాటలు, సాగదీసే రాగం. ఎంకమ్మ మూతి ముడుసుకున్నది.

వంత వచ్చింది.

ఎనుక నుంచి.

నాటేటోళ్లు వంగి ఎనుకకే నడుస్తరు. ఎనుక ఏమున్నదో కండ్లకు కనపడది.

“ఎవరే?” అన్నది ఆగమ్మ.

“నన్నడుగుతవేందక్కా... నేను నోరే తెరువలే.”

కప్పలు గూడ ఊకున్నయి. ఇప్పుడు ఆ గొంతే పాట ఎత్తింది. ఎత్తి... ఆగింది. వంత కోసం.

నాట్లేసే ఆడోళ్లకు ఎత్తిన పాటను వట్టిగ ఇడుసుడు రాదు. నోరు దానంతటదే కలుస్తది. ఎంకమ్మ పెదాలు మెల్లగ తెరుసుకున్నయి. గొంతుల నుంచి మాట లేస్తున్నది... ఆమెకు రాని మాట.

“వద్దే ఎంకీ!”

ఆగమ్మ బురద చేత్తోని ఆమె నోరు మూసింది. ఎనుకకు సూడలే. నాటిన నారు తొక్కుకుంట, ఎంకమ్మను ముందుకే గుంజుకపోయింది. ఎనుక నీళ్లల్ల చప్పుడు. ఒక్కరిది కాదు...

ఒడ్డెక్కినంక ఇద్దరు కూలబడ్డరు.

“బతికినవే,” అన్నది ఆగమ్మ.

 ఎండకు ఎంకమ్మ మూతి మీద ఆగమ్మ బురద చెయ్యి అచ్చు ఎండి, పెచ్చులు లేసి రాలుతున్నది.

ఆమె మెడ మీద ఇంకెవరిదో చెయ్యి అచ్చున్నది. అది తడిగనే ఉన్నది.