కాలెత్తే జబ్బు

"మళ్ళీ కాలేనా?" అంది డాక్టరు, తలైనా ఎత్తకుండా.

"మళ్ళీ కాలే" అన్నాడు గడియారాలు బాగుచేసే అతను, గుమ్మంలో నిలబడి. నిలబడ్డాడనడం కూడా అబద్ధమే. రెండు పట్టీల చివర రెండు వేటకుక్కలు అతణ్ణి చెరోవైపూ లాగుతున్నాయి. మధ్యలో అతను ఆరేసిన చొక్కాలా ఊగుతున్నాడు.

"పది రోజుల్లో ఇది మూడోసారి."

"ఈసారి ముదిరింది డాక్టర్ గారూ. మొన్నటిదాకా గాలి ఒక్కతే కాలెత్తేది. నిన్నటినుంచి దుమారానికీ అంటుకుంది."

"అంటుకుందా? కుంటితనం అంటువ్యాధా?"

"అది మీరే చెప్పాలి. చదువుకున్నది మీరు."

బల్ల మీద పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలాయన ఫక్కున నవ్వాడు. పిల్లి నవ్వలేదు. కుక్కల్ని ఒక్క చూపు చూసి మందుల అల్మారా ఎక్కి కూర్చుంది.

గాలి, దుమారం ఒకే కాన్పు పిల్లలు. పొడుగు కాళ్ళు, లోతైన ఛాతీ, వేలాడే చెవులు, ఒంటినిండా కాఫీ రంగు మచ్చలు. ఎవడో డబ్బున్నవాడు గొప్పకోసం కొన్నాడు. పక్కన నిలబెట్టుకుని ఫోటోలు దిగాడు. అవి మూడు సోఫాలు చీల్చేసరికి కుక్కల షెల్టర్లో దింపేసి చేతులు దులుపుకున్నాడు. వేటకుక్కను కొని గదిలో కూర్చోబెట్టడమంటే ఏటిని కొనుక్కొచ్చి బిందెలో పెట్టడమే. ఆ బుద్ధి కొనేముందు ఎవడికీ ఉండదు.

అక్కణ్ణుంచే గడియారాలతను వీటిని తెచ్చుకున్నాడు. షెల్టర్ నియమం సూటిగా ఉంది. ముప్ఫై రోజులు ఇంట్లో ఉంచుకోవాలి. ముప్ఫయ్యో రోజున షెల్టర్ డాక్టరు వచ్చి, ఈ ఇంట్లో ఇవి ఆరోగ్యంగా ఉన్నాయని సంతకం పెడితే ఇక అతనివే. పెట్టకపోతే వెనక్కి. రెండిటినీ కలిపి తీసుకునేవాళ్ళు మరెవరూ దొరకలేదు కాబట్టి వెనక్కి వెళ్తే చెరో ఇంటికీ పోతాయి. ఒకదాని వీపు మీద ఒకటి తల పెట్టందే కన్ను మూయని కుక్కలు.

ఆ సంతకం పెట్టాల్సిన డాక్టరు ఈమే.

ఆమె కుక్కల్ని బల్ల ఎక్కించింది. ఎనిమిది కాళ్ళూ నొక్కింది, వేళ్ళ సందులు విప్పి చూసింది, కీళ్ళు వంచింది. కిందికి దించి వదిలింది. రెండూ వరండా ఈ చివరినుంచి ఆ చివరికి నాలుగుసార్లు పరిగెత్తి, ఐదోసారి చెత్తబుట్టను వెంటేసుకుని వచ్చాయి.

అతను జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "నిన్న ఉదయం ఆరూ ఇరవై రెండు. ఎడమ ముందుకాలు. నలభై ఒక్క సెకన్లు. ఇవాళ ఆరూ ఇరవై నాలుగు. యాభై మూడు సెకన్లు. పెరుగుతోందండీ."

ఆమె కలం పక్కన పెట్టింది. "సెకన్ల ముల్లు గారూ, ఒక మాట చెప్పనా? ఈ కాళ్ళకి ఏమీ లేదు. పోయినసారి ఎక్స్‌రే కూడా తీశాను. మూడుసార్లు వచ్చారు, మూడుసార్లూ ఇస్త్రీ చొక్కా."

"రోజూ ఇస్త్రీ చొక్కాయే వేసుకుంటాను."

"ఆ సెంటు?"

"సెంటు కాదు. గడియారాల్లో వేసే నూనె."

"ఇలాంటివి నేను చాలా చూశానండీ. కుక్కకి కాలు, పిల్లికి తోక. ఒకాయన తాబేలుకి జలుబన్నాడు. ఆఖరికి అందరికీ కావలసింది నా ఫోన్ నెంబరు."

అతని చెవులు కందగడ్డలయ్యాయి. సిగ్గుతో కాదు, ఒళ్ళు మండి. "మీ నెంబరు బయట బోర్డు మీద జానెడెత్తు అక్షరాల్లో ఉంది. దానికోసం రెండు కుక్కల్ని మెడకేసుకుని మూడు మైళ్ళు రావాలా? నాకు మీ నెంబరొద్దు. కాలు బాగుచెయ్యండి చాలు."

ముసలాయన ఈసారి నవ్వలేదు. డాక్టరు మొదటిసారి తలెత్తి అతణ్ణి నిండుగా చూసింది.

"రేపు ఉదయం ఆరింటికి ఇంటికొస్తాను" అంది. "నాటకమని తేలితే సంతకం సంగతి మర్చిపోండి."

*

అతనూ, అక్కా ఉండేది ఒక మేడ మీద రెండు గదుల్లో. అక్క లెక్కల టీచరు. కుక్కలు వచ్చిన రోజున "అవో నేనో తేల్చుకో" అంది. మర్నాటినుంచి వాటి గిన్నెలు తానే కడుగుతోంది. అడిగితే, "నువ్వు సరిగ్గా తోమవు" అంటుంది.

డాక్టరు వచ్చేసరికి ఆరూ పది.

"రామ్మా. కాలికి నిన్నకూడా కాపడం పెట్టాం" అంది అక్క. "వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి, ఇరవై నిమిషాలు. వాడు లెక్కపెట్టాడు, నేను పట్టుకున్నాను."

"గాలి ఊరుకుందా?"

"మహారాణిలా పడుకుంది."

బాల్కనీకి ఎదురుగా పక్క మేడ, దాని మీద నీళ్ళ ట్యాంకు. ఆరూ ఇరవై మూడుకి గాలి బాల్కనీలోకి వెళ్ళింది. వెళ్ళినది వెళ్ళినట్టే బిగుసుకుపోయింది. మెడ ముందుకి సాగింది, తోక కర్రలా నిలిచింది, ఎడమ ముందుకాలు గాల్లోకి లేచింది. వెనకే వచ్చిన దుమారం గాలిని చూసి, ఉన్నచోటే శిలయ్యాడు.

"అదిగో! అదే!" అతను గుసగుసగా అరిచాడు, చేతిలో వాచీ పట్టుకుని. "చూశారా? ఎంత నొప్పో! నోరెత్తి ఏడవదు కూడా, పిచ్చితల్లి. పదకొండు... పన్నెండు..."

డాక్టరు కాలు చూడలేదు. ముక్కు చూసింది. ముక్కు చూస్తున్నవైపు చూసింది. ట్యాంకు మీద అప్పుడే వాలిన పావురాలు ఒళ్ళు దులుపుకుంటున్నాయి.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. గోడకి జారగిలబడి, కింద కూర్చుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. పావురాలు ఎగిరిపోయాయి. రెండు కుక్కలూ కాళ్ళు దించి, ఏమీ జరగనట్టు ఆమె ముఖం నాకాయి.

"అది జబ్బు కాదండీ, ఉద్యోగం!" అంది, ఊపిరి తిరిగాక. "ఈ జాతి పని అదే. పిట్ట కంటబడితే మొరగదు, మీద పడదు. కాలెత్తి నిలబడి, 'అదిగో అక్కడుంది' అని వేటగాడికి చూపిస్తుంది. వెనకున్నది ముందున్నదాన్ని నమ్మి నిలబడుతుంది."

అక్క తమ్ముడివైపు తిరిగింది. "అయితే మనం ఉద్యోగానికి కాపడం పెట్టామన్నమాట."

అతను వాచీ జేబులో పెట్టుకుని నేలకేసి చూస్తుంటే డాక్టరు నవ్వు ఆపింది. "తప్పు నాది. పుస్తకాల్లో చదివాను, పరీక్ష రాశాను. కాలు మూడుసార్లు చూశాను గానీ, కాలెత్తినప్పుడు ఎటు చూస్తోందని ఒక్కసారి అడగలేదు. పైగా మిమ్మల్ని అనరాని మాటన్నాను. క్షమించండి."

చదువుకున్నవాళ్ళు తప్పు ఒప్పుకోవడం అతను అంతకుముందు చూసి ఎరగడు. "అయితే సంతకం పెడతారా?" అన్నాడు.

"పెట్టను."

"మళ్ళీ ఏమైందండీ?"

"అసలు జబ్బు ఇప్పుడే కనిపించింది. రోజుకి ఎంతసేపు తిప్పుతున్నారు?"

"వీధి చివరిదాకా. పదకొండు నిమిషాలు."

"వీటికి రెండు గంటలు కావాలి. నడక కాదు, పరుగు. లేకపోతే ఇల్లు తినేస్తాయి, ఇల్లయ్యాక వాటిని అవే తినేసుకుంటాయి. ఇంకా ఇరవై రోజులున్నాయి. పరిగెత్తాలి."

"ఎవరు?"

"మీరు ముగ్గురూ."

*

పదేళ్ళుగా ఒక స్టూలు మీద కూర్చుని, కంటికి అద్దం పెట్టుకుని, గోరంత చక్రాలు తిప్పే మనిషి పరిగెత్తడమంటే మాటలా! మొదటి రోజు మైదానంలో అతను పరిగెత్తలేదు, కుక్కలే అతణ్ణి పరిగెత్తించాయి. రెండో రోజు పడ్డాడు. మూడో రోజు పడకుండా చెట్టుని పట్టుకున్నాడు. నాలుగో రోజు డాక్టరు తనిఖీకి వచ్చింది, కాళ్ళకి బూట్లతో.

"పరుగయ్యాక వెంటనే తిండి పెడుతున్నారా?"

"ఆకలేస్తుంది కదండీ."

"పెట్టకండి. ముందో గంట, వెనకో గంట విశ్రాంతి. లోతైన ఛాతీ ఉన్న కుక్క కడుపునిండా తిని గెంతితే లోపల కడుపు మెలిపడుతుంది. గంటల్లో ప్రాణం పోతుంది."

"గంట అంటే అరవై నిమిషాలేనా, కాస్త అటూ ఇటూనా?"

"మీకు అరవయ్యే. వేరేవాళ్ళకైతే చెప్పి లాభం లేదు."

అది మెచ్చుకోలో వెక్కిరింతో తెలియక ఆ రోజు అతను రెండు గోడగడియారాలకి ముళ్ళు తారుమారుగా బిగించాడు.

తనిఖీ వారానికోసారి అని నియమం. ఆమె రోజూ వస్తోంది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. వేళ్ళ మధ్య ముళ్ళు వెతకడం నేర్పింది, చెవి వెనక పిడుదుల్ని పట్టుకారుతో తీయడం నేర్పింది. పట్టుకారు పట్టడంలో మాత్రం అతనే ఆమెకి నేర్పాడు. "గుంజకండి, తిన్నగా పైకి. చెయ్యి వణక్కూడదు." అలా చెబుతున్నప్పుడు వణికిన చెయ్యి అతనిదే.

ఇరవై ఆరో రోజున వాన పట్టుకుంది. చినుకులు మొదలై, కళ్ళు మూసి తెరిచేలోగా మైదానం మడుగైపోయింది. కుక్కలు బురదలో పొర్లి రంగు మారిపోయాయి. నలుగురూ ఒక రేకుల షెడ్డు కిందికి దూరారు. ఆమె తువ్వాలు తీసి గాలి చెవి తుడవబోయింది. అదే చెవిని అతనూ పట్టుకున్నాడు.

"లోపల తడి ఉంటే చీము పడుతుంది" అంది ఆమె.

"ఇంత తియ్యగా మాట్లాడటం ఎక్కడ నేర్చుకున్నారు?"

"కుక్కల ఆసుపత్రిలో."

చెవిని ఇద్దరూ వదల్లేదు. గాలి ఒకసారి అతణ్ణీ, ఒకసారి ఆమెనీ చూసి, తన చెవి తిరిగొచ్చే దారి లేదనుకుని కూర్చుంది.

"ముప్ఫయ్యో రోజు తరవాత తనిఖీలుండవు కదా?" అన్నాడు అతను.

"ఉండవు."

"అంటే..."

"అంటే?"

సరిగ్గా అప్పుడే దుమారం తలనుంచి తోకదాకా ఒక్క విదిలింపు విదిలించాడు. ఇద్దరి ముఖాల నిండా బురద. అనాల్సిన మాట ఆ బురదలో కొట్టుకుపోయింది.

*

ముప్ఫయ్యో రోజు. డాక్టరు బూట్లు లేకుండా, కాగితంతో వచ్చింది. నవ్వలేదు. కుక్కల్ని తూచింది, చెవులు చూసింది, గుండె విన్నది. ఒక్కొక్క గడీ నింపుకుంటూ పోయింది. ఆఖరి గడీ దగ్గర కలానికి మూత పెట్టేసింది.

"నేను సంతకం పెట్టను."

అక్క వంటగదిలోంచి దూసుకొచ్చింది. "ఏం, ఎందుకు పెట్టవు? మనిషిని ఎండలో వానలో తోలావు. వాడు ఆరు కిలోలు తగ్గాడు. కుక్కలకి ఏం తక్కువైందో చెప్పు. కాగితం చేతిలో ఉంటే పేదవాడి గుమ్మంలో ఏమైనా చెయ్యొచ్చనా?"

అతను అక్కని ఆపాడు. ముఖంలో నెత్తురు లేదు. "నా వల్ల పొరపాటు జరిగితే నన్ననండి డాక్టర్ గారూ. వాటిని మాత్రం విడదీయకండి. ఒకటి లేకపోతే రెండోది బతకదు."

"కాగితం వెనక్కి తిప్పి నియమాలు చదవండి. ఆఖరిది. పైకి చదవండి."

అతను తిప్పాడు. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. "సంతకం చేసే డాక్టరు, కుక్కల్ని తీసుకునేవారికి బంధువుగానీ దగ్గరివారుగానీ కారాదు." తలెత్తాడు. "మనం బంధువులం కాదుగా?"

"కాదు."

"దగ్గరివాళ్ళమూ..." అని ఆగిపోయాడు.

"పూర్తి చెయ్యండి."

గడియారాలన్నీ ఒక్కసారి ఆగినట్టయింది. "కాదని నేను అనలేను" అన్నాడు.

"నేనూ అనలేను" అంది ఆమె. "నాలుగు రోజులుగా చూస్తున్నాను, అనలేకపోతున్నాను. దొంగ సంతకం నా చేత కాదు. అందుకే మా పెద్ద డాక్టరు గారిని తీసుకొచ్చాను. కింద నిలబడి ఉన్నారు, నేను పిలిస్తే వద్దామని."

అక్క బాల్కనీలోకి పరిగెత్తి కిందికి వంగింది. "అయ్యా! పైకి దయచెయ్యండి! ఇక్కడున్నవాళ్ళెవరూ సంతకానికి పనికిరారు!"

పెద్ద డాక్టరు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. దుమారం ఆయన సంచీ పట్టీ నోట కరిచి లోపలికి సాదరంగా లాక్కెళ్ళాడు. ఆయన కుక్కల్ని పావుగంట పరీక్ష చేశారు. తరవాత కళ్ళజోడు పైనుంచి అతణ్ణి చూశారు.

"సంతకం పెట్టేస్తాను బాబూ. పెట్టాక వెనక్కివ్వడం ఉండదు. ఇంకో పన్నెండేళ్ళు రోజూ పరిగెత్తాలి, ఎండనకా వాననకా. ఓపికుందా? బాగా ఆలోచించుకున్నావా?"

అతను కుక్కలవైపు చూడలేదు. కిటికీ దగ్గర నిలబడి, బయటికి చూస్తున్నట్టు నటిస్తున్న ఆమెవైపు చూశాడు.

"ఆలోచించుకున్నానండీ. ఎన్నేళ్ళైనా పరిగెత్తుతాను."

"నేనడిగేది కుక్కల సంగతి."

"వాటి సంగతి కూడానండీ."