ఆటో ఫోకస్ లేని లెన్సు

ఎలీషా వెనక్కి నడవకుండా ఉంటే ఈ కథే లేదు.

కానీ వీడియోలు తీసేవాడికి వెనక్కి నడవక తప్పదు. ఆత్రేయపురంలో పాపాయమ్మగారి పెరట్లో ఆవిడ మనవరాలు షైనీ పూతరేకులు తీస్తుంటే, అతను కెమెరా భుజానికెత్తుకుని అంగుళం అంగుళం వెనక్కి జరుగుతున్నాడు. షైనీ పల్చటి గుడ్డని పిండినీళ్ళలో ముంచి, పొయ్యి మీద బోర్లించిన కుండ మీదుగా ఒక్క ఊపున లాగుతోంది. లాగిన క్షణంలో కాగితం కన్నా పల్చటి రేకు లేచి వస్తోంది. అబ్బ, ఎంత బాగుందో అనుకుంటూ ఎలీషా ఇంకో అడుగు వెనక్కి వేశాడు. కాలికింద కరకరమంది.

పొద్దుటి నుంచీ తీసిన రేకుల దొంతర అది.

షైనీ అరవలేదు. అరిచినా బాగుండేది. గుడ్డని గిన్నె అంచుమీద ఆరేసి, లేచి నిలబడి, అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. కాళ్ళ దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు చూసింది.

"తొక్కేసేరాండీ? ఆ పక్కన ఇంకో నాలుగున్నాయి, అవీ తొక్కేసి వెళ్ళండి. మళ్ళీ రావాలంటే మీకూ శ్రమే కదా."

"ఆయ్" అన్నాడు ఎలీషా, దేనికి ఆయ్ అంటున్నాడో తెలియకుండానే.

మంచం మీద కూర్చుని కొబ్బరాకులు చీలుస్తున్న పాపాయమ్మ మామ్మ తలెత్తింది. "పరాయోళ్ళకేం తెలుస్తాదే రేకు సంగతి? ఊరుకో" అని మళ్ళీ తన పనిలో పడింది. ఆ 'పరాయోళ్ళు' అన్న మాట షైనీ చూపు కన్నా ఎక్కువ గుచ్చుకుంది అతనికి.

ఎలీషాది కొత్తపేట. ఆ ఊరి మిఠాయి కొట్టువాళ్ళ కోసం రెండు నిమిషాల వీడియో తియ్యడానికి వచ్చాడు. సినిమాలోలా ఉండాలని అతని పట్టుదల. సినిమా వాళ్ళ సరంజామా కొనే తాహతు లేదు కాబట్టి తనే తయారు చేసుకున్నాడు. నీళ్ళ పంపులకి వేసే ప్లాస్టిక్ గొట్టాలు కోసి భుజానికి ఆనేలా చట్రం కట్టాడు. పట్టుకోడానికి పాత సైకిలు హ్యాండిలు తొడుగులు, బరువు సరితూగడానికి వెనకాల కిలో తూకంరాయి. అమలాపురంలో మూసేసిన ఓ ఫోటో స్టూడియోలో దొరికిన పాతకాలం లెన్సుని ఒక రింగు మధ్యలో పెట్టి తన కెమెరాకి బిగించాడు. బొమ్మ వెన్నలా వచ్చేది. ఒక్కటే బాధ. ఎలీషా నడిస్తే ఆ వెన్న కాస్తా కవ్వం దగ్గరికి తిరిగి వెళ్ళిపోయేది.

"బోరింగు బాగుచెయ్యడానికి వచ్చేరనుకున్నాను మిమ్మల్ని చూసి" అంది షైనీ ఆ గొట్టాల వంక చూసి. కోపం సగం దిగినట్టుంది. తీసిందేదో చూపించమంది. చూసి, నవ్వు ఆపుకోలేక చెంగు అడ్డం పెట్టుకుంది. మామ్మ కుండ ముప్పై ఏళ్ళుగా ఆ పొయ్యి మీదే ఉందని, ఒక్కరోజు కూడా ఇలా ఊగలేదని, మరి ఇందులో ఎందుకు గంతులేస్తోందని అడిగింది.

పౌరుషం వచ్చి, పట్టుకు చూడండి తెలుస్తుంది అన్నాడు ఎలీషా. ఆమె పట్టుకుంది. కుండ చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, కెమెరా చేతిలో పెట్టేసి, పొయ్యిలో ఆకు ఎగదొయ్యడానికి వెళ్ళిపోయింది.

ఎలీషా అది మూడుసార్లు చూసుకున్నాడు. పట్టాల మీద నడిపించినట్టుంది.

"ఎలా చేసేరండీ?"

"గుడ్డ కుండ మీద ఉన్నంతసేపూ ఊపిరి వదలకూడదండీ. మణికట్టుతో లాగితే రేకు చిరుగుద్ది. నడుం దగ్గర్నుంచి రావాలి. మీరు కాళ్ళతో ఆలోచిస్తున్నారు, అదీ మీ ఇబ్బంది."

ఆ తర్వాత మూడు వారాల్లో ఎలీషా ఆత్రేయపురం తొమ్మిదిసార్లు వచ్చాడు. ఒకసారి వెలుతురు బాగోలేదన్నాడు. ఒకసారి వెలుతురు మరీ బాగుందన్నాడు. ఒకసారి వాన పడుతుంటే వచ్చి, వానలో పొగ ఎలా లేస్తుందో చూడాలన్నాడు. పొయ్యే వెలిగించలేదు కదండీ, పొగ ఎక్కడిది అని షైనీ అంటే, చూరు నీళ్ళు కారే చోటే నిలబడి తడిశాడు. షైనీ పైకి రమ్మనలేదు. తువ్వాలు మాత్రం విసిరింది.

వచ్చినప్పుడల్లా ఆమెకి కెమెరా నేర్పాడు. దీనికి ఆటో ఫోకస్ లేదండీ, అని మొదటిరోజే చెప్పాడు. "ఎవర్ని చూడాలనుకుంటే వాళ్ళ దగ్గరికి ఈ లెన్సు రింగు తిప్పుకోవాలి. ఒకళ్ళు స్పష్టంగా ఉంటే తక్కినవాళ్ళు మసకైపోతారు. కెమెరా చెప్పదు. మన చెయ్యే చెప్పాలి."

షైనీ అంటే ఎలీషాకి ఇష్టం. ఆ ఇష్టం ఎంత పెరిగిందంటే, ఇంట్లో అన్నం తింటూ కూడా ఊపిరి బిగబట్టి ముద్ద ఎత్తుతున్నాడు. కానీ చెప్పడానికి నోరు రాలేదు. కారణం ఉంది.

అతని నాన్న బాబూరావు హైస్కూల్లో లెక్కల మేష్టారు. కొడుకు తీసిన వీడియోలు చూస్తే ఆయనకి తల తిరిగేది. త్వరలో జరగబోయే స్టెల్లా పెళ్ళి వీడియోయే ఆఖరి అవకాశమని తేల్చేశాడు. అది బాగుంటే సరే. లేకపోతే మర్నాడే ఉప్పలగుప్తం వెళ్ళి బాబాయి రొయ్యల మేత కొట్లో కూర్చోవాలి. ఎలీషా సరేనన్నాడు. ఇప్పుడేమో షైనీకి చెప్పాలన్నా ఆ పెళ్ళి వీడియో అడ్డం. మేత బస్తాల మధ్య కూర్చునేవాడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

స్టెల్లాది ఎలీషా వాళ్ళ వీధే. వాళ్ళ నాన్న జయప్రకాష్ దోహాలో పనిచేస్తాడు, సెలవు దొరకలేదు. పెళ్ళికి వారం ముందు ఆయనే ఎలీషాకి ఫోన్ చేశాడు.

"చర్చిలో దాన్ని నడిపించుకెళ్ళాల్సినవాణ్ణి నేను, బాబూ. రాలేకపోతున్నాను. ఆ నడకలో దాని మొహం నాకు బాగా కనబడాలి. మిగతాదంతా నీ ఇష్టం."

ఆ మాటతో ఎలీషా తన చేతుల్ని నమ్ముకోవడం మానేశాడు. పాపాయమ్మ మామ్మ దగ్గరికి వెళ్ళి, పెళ్ళి రోజు కెమెరా షైనీ పట్టుకుంటే బాగుంటుందని అడిగాడు. మామ్మ అతన్ని ఎగాదిగా చూసి, సాయంత్రం దీపాలు పెట్టేలోపు ఇంటి దగ్గర దింపుతానంటే పంపుతానంది.

పెళ్ళి బాగా జరిగింది. షైనీ నీలం చీర మీద గొట్టాల చట్రం తగిలించుకుని వస్తే పిల్లలు వెనక పడ్డారు. స్టెల్లా మేనమామ చెయ్యి పట్టుకుని నడిచి వస్తుంటే, షైనీ ఓ పక్కగా నడుస్తూ తీసింది. ఎలీషా అవతలి పక్క నడుస్తూ, స్టెల్లాకి నాన్న కనబడేలా వీడియో కాల్‌లో ఉన్న ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. తక్కిన సమయమంతా తెల్లటి థర్మాకోల్ అట్ట పట్టుకుని మొహాల మీదికి వెలుగు తిప్పాడు. చీకటి పడకముందే షైనీని దింపేశాడు.

మూడోరోజు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ నడక ముక్క పెట్టి చూశాడు.

నడకలో సగం దాకా స్టెల్లా మొహం చక్కగా ఉంది. అక్కణ్ణుంచి తొమ్మిది సెకన్లు మసక. ఆ మసక వెనకాల చేతిలో ఫోనుతో ఎలీషా, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాడు. తను ఏడుస్తున్నాడని ఆ రోజు తనకే తెలియలేదు. మళ్ళీ స్టెల్లా. కోసేద్దామంటే నడకే తెగిపోతుంది.

లెన్సు పాడైందేమోనని రింగు తిప్పి చూశాడు. బిగుతుగా ఉంది. తిప్పితే తప్ప తిరగదు. అప్పుడు తక్కిన ముక్కలు కూడా వరసగా చూశాడు. అలాంటివి ఇంకో ఆరు దొరికాయి. ఆ ఆరింటిని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత విడిగా దాచిపెట్టి, షైనీకి ఫోన్ చేసి తొమ్మిది సెకన్ల సంగతి మాత్రం చెప్పాడు.

"తప్పు నాదేనండీ. పెళ్ళికూతుర్ని వదిలేసేను. వాళ్ళ నాన్నగారికి నేనే చెప్తాను, మీ మీద పెట్టుకోకండి" అంది షైనీ. వద్దండీ, ఉన్నదున్నట్టు చూపిద్దాం అన్నాడు ఎలీషా.

ఆదివారం ఆరాధన అయ్యాక స్టెల్లా ఇంట్లో అందరూ టీవీ ముందు చేరారు. జయప్రకాష్ దోహా నుంచి ఫోన్లోకి వచ్చాడు. ఫోనుని మంచినీళ్ళ గ్లాసుకి ఆనించి పెట్టారు. బాబూరావు మేష్టారు వెనక కుర్చీలో కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు. ఎలీషా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రొయ్యల మేత వాసన అప్పుడే వస్తున్నట్టుంది అతనికి.

నడక వచ్చింది. మసక వచ్చింది. తెర మీద ఎలీషా ఏడుస్తున్నాడు. అతని చేతిలోని ఫోన్లో, మెడ దగ్గరి గుండీ దాకా పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాతో, జయప్రకాష్ కూడా ఏడుస్తున్నాడు.

"ఆపు బాబూ" అన్నాడు జయప్రకాష్.

ఎలీషా ఆపాడు.

"మళ్ళీ వెయ్యి. అది నేనేనా?"

"మీరేనండీ."

"నేను ఆ పెళ్ళిలో లేననుకున్నాను. ఉన్నాను కదా."

స్టెల్లా వలవలా ఏడ్చేసింది. ఆ ముక్క నాలుగుసార్లు వేయించుకున్నారు.

బయట చెప్పులు వేసుకుంటూ బాబూరావు మేష్టారు తమ్ముడికి ఫోన్ చేశాడు. కొట్లోకి ఇంకెవర్నైనా చూసుకోమని, వీడికి ఖాళీ లేదని చెప్పి పెట్టేశాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

"ఆ నడక తీసిన చెయ్యి నీది కాదు కదా?"

"కాదు నాన్నా. ఆత్రేయపురంలో షైనీ గారని."

"వణకలేదు" అన్నాడు మేష్టారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎప్పుడూ రాలేదు. "వెళ్ళి చెప్పిరా. చినుకులు పడుతున్నాయి, గొడుగు తీసుకెళ్ళు."

ఎలీషా గొడుగు మర్చిపోయి వెళ్ళాడు. పూర్తిగా తడిసి, ల్యాప్‌టాప్‌ని మాత్రం చొక్కాలో దాచుకుని వసారా ఎక్కాడు. షైనీ వాన చెమ్మ తగలకుండా రేకుల్ని లోపలికి సర్దుతోంది. తువ్వాలు ఇచ్చింది, ఈసారి విసరలేదు. జయప్రకాష్ గారు ఏమన్నారో వినగానే కూలబడి, చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇన్నాళ్ళూ తిండి సయించలేదంది.

"ఇంకో ఆరున్నాయండీ" అని ల్యాప్‌టాప్ తెరిచాడు. "ఇది కేకు కోసినప్పుడు. ఇందులో కేకు ఏదండీ?"

షైనీ చూసింది. కేకు మసక. అట్ట పట్టుకుని నవ్వుతున్న ఎలీషా స్పష్టం.

"ఇది ఉంగరాలప్పుడు. ఉంగరాలు ఏవండీ? ఇది పాస్టరుగారి ప్రార్థన. ఆయన ఏరండీ?"

"మీ లెన్సు పాతదండీ" అంది షైనీ అతని వైపు చూడకుండా. "వదులైపోయుంటది."

"వదులు కాదండీ, బిగుతు. తిప్పితేగానీ తిరగదు."

వాన చూరు మీద ధబధబమని పడుతోంది. షైనీ చేతిలోని రేకుని దొంతర మీద పెట్టింది, అంచు సరిచేసింది, మళ్ళీ సరిచేసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవర్ని చూడాలనుకుంటే వాళ్ళ దగ్గరికి తిప్పమన్నారు కదండీ మీరే" అంది చివరికి. "తిప్పేను."

ఎలీషాకి చెప్పాల్సింది బోలెడుంది. దారంతా వరసగా పేర్చుకొచ్చాడు. ఒక్కటీ గుర్తు రాలేదు. "నాకూ మీరేనండీ. మొదటి రోజు నుంచీ" అని లేచి నిలబడ్డాడు. సంతోషం పట్టలేక ఒక అడుగు వెనక్కి వేశాడు.

కాలికింద కరకరమంది.

"ఏంటే ఆ చప్పుడు?" అంది మామ్మ లోపల గదిలోంచి.

"ఎలీషా గారు రేకులు తొక్కేసేరు మామ్మా." షైనీ గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి.

ఎలీషా ఒంటికాలు గాల్లోనే ఉంచి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఎక్కడా వణకలేదు.

"పోనీలేవే" అంది మామ్మ. "పరాయోడా ఏంటి?"