రెండు గంటల లోపు అల్లుడు

"మీ విమానం ఇరవై నిమిషాలు ముందే దిగింది. నన్ను తీసుకెళ్ళాల్సిన మనిషి ఇంకా రాలేదు. వానలో తడిసి ముద్దయ్యాను."

"ముందొచ్చిందని కంప్లైంట్ ఇచ్చిన మొదటి మనిషి మీరే మేడమ్."

పళ్ళ డాక్టరుకీ, విమానాల కంపెనీలో టైమ్‌టేబుల్ వేసే అబ్బాయికీ పరిచయం అలా మొదలైంది. ఫిర్యాదులు వినేవాడు భోజనానికెళ్తే ఫోన్ ఇతను ఎత్తాడు. ఆ ఫోన్ పెట్టేయడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. ఏడాది తిరిగేసరికి సంగతి పెళ్ళి దాకా వచ్చింది.

అమ్మాయి తండ్రికి బట్టల కొట్టు. ఆయన జీతం అడగలేదు, చదువు అడగలేదు. "విమానంలో రెండు గంటల లోపు చేరగలిగే ఊరైతేనే పిల్లనిస్తా" అన్నాడు, అంతే.

అబ్బాయి ఉండే ఊరికి టైమ్‌టేబుల్లో ఉన్నది రెండు గంటల పది నిమిషాలు.

"నిజంగా పట్టేది గంటా యాభయ్యే అంకుల్. ఆలస్యమైందని ఎవరూ తిట్టకుండా మేమే ఓ ఇరవై నిమిషాలు కలుపుతాం."

"కలిపిందెవరు?"

"నేనే" అన్నాడు అబ్బాయి, నీళ్ళు నములుతూ.

"తప్పుడు కొలత అన్నమాట."

"నాన్నా, గుడ్డ నాలుగు వేళ్ళు ఎక్కువ కోసిచ్చారని మీ కొట్లో ఎవరైనా గొడవపడ్డారా?" అంది డాక్టరు.

ఆయన ఆలోచించాడు. చివరికి ముగ్గురూ కలిసి ఎక్కి చూడాలని తేలింది. నడిమి సీట్లో ఆయన, కిటికీ పక్క అబ్బాయి, ఇటు వాచీ చూసుకుంటూ డాక్టరు.

అంతా సవ్యంగానే నడిచింది, ఊరు కనబడేదాకా. కింద కుండపోత వాన. దిగడానికి వీల్లేదన్నారు. విమానం ఊరి చుట్టూ తిరగడం మొదలెట్టింది. రెండు గంటలు దాటిపోయాయి.

అప్పుడు ఆయన అబ్బాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళు మూసే ఉన్నాయి.

"ఎప్పుడు దిగుతుంది బాబూ?"

"ఇంకో పావుగంట అంకుల్."

"అసలా, కలిపి చెప్పావా?"

"కలిపే చెప్పాను."

"విమానమంటే నాకు చచ్చేంత భయమయ్యా. రెండు గంటలంటే ఎలాగో బిగబట్టుకుంటాను. అంతకు మించితే నా కూతుర్ని చూడ్డానికి రాలేను. అందుకే ఆ షరతు."

అబ్బాయి తనకు తెలిసిందే చెప్పసాగాడు. "ఇది చక్రాలు దింపుతున్న చప్పుడు అంకుల్. ఇప్పుడు కాస్త కుదుపుతుంది. ఇదిగో, అయిపోయింది." నేల తగిలేదాకా ఆపలేదు.

"ఎంత పట్టిందే?" అన్నాడు తండ్రి, కళ్ళు తెరవకుండానే.

డాక్టరు వాచీ చూసింది. "రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు నాన్నా."

"చాలా ఎక్కువ" అన్నాడాయన. "కానీ ఇతను పక్కనుంటే రాగలను. నేను రావాలనుకున్నప్పుడల్లా వచ్చి తీసుకెళ్ళాలి. మళ్ళీ దింపాలి."

"అంటే నేను అక్కడికొచ్చి, మిమ్మల్ని తీసుకొచ్చి, మళ్ళీ దింపి, మళ్ళీ ఒక్కణ్ణే..."

"ఒప్పుకో" అంది డాక్టరు.

"ఒప్పుకున్నా అంకుల్."

డాక్టరు కళ్ళు తుడుచుకుని, తండ్రి మీదుగా చెయ్యి చాచింది. "అయితే ఆ చెయ్యి ఇక నాకివ్వండి నాన్నా."

"ఉండవే" అన్నాడాయన పట్టు వదలకుండా. "ఇంకా మెట్లు దిగాలి."