మైదుకూరుకు రాని ఐస్‌బాక్స్

లోపలికి రాగానే ఆ మనిషి తలుపు గడియ వేశాడు. నుదుటికి కట్టు ఉంది. చొక్కా మెడ మీద ఎండిన నెత్తురు మరక.

"నా పేరు లేవి. ఎర్రగుంట్లలో శవాలకు ఐస్‌బాక్సులు బాడుగకిస్తాను. మొన్న రాళ్లేసినారు. ఈసారి తల తీస్తామని చెప్పిపోయినారు మేడం."

కడపలో ఆ మేడ మీది గదికి భయపడి వచ్చేవాళ్లు శామ్‌కు కొత్త కాదు. కోర్టులో గుమాస్తా పని వదిలి డిటెక్టివ్ భువన దగ్గర చేరి ఆరేళ్లయింది. వయసులో ఆమె కంటే పదేళ్లు పెద్ద. అయినా ఆమె ప్రశ్నలు మొదలుపెడితే కలం పట్టుకుని అబ్బురంగా చూస్తూ ఉండిపోతాడు.

"ఎవరు వాళ్లు?" అంది భువన.

"మైదుకూరు రంగస్వామి మనుషులు. వాళ్లమ్మ పోయిన పొద్దు ఫోన్‌లో వెతికి నాకు ఫోన్ చేసినాడంట. గంటలో పంపుతానని నేను చెప్పినానంట. పెట్టె పోలేదు. ఈ ఎండలకు శవం ఆగుతాదా? సూరత్‌లో ఉండే ఆయమ్మ కూతురు వచ్చేలోపల పూడ్చేసినారు. నాకు ఆ ఫోనే రాలేదు మేడం! ప్రొద్దుటూరులో, బద్వేలులో కూడా ఇట్లే అయింది."

"మీకెవరి మీద అనుమానం?"

"వీరభద్ర. మా వీధిలోనే ఆయప్పకూ ఐస్‌బాక్సులు ఉండాయి. నేను గూగుల్‌లో ప్రకటన పెట్టించినప్పట్నుంచి బేరాలన్నీ నాకే వస్తాండాయి. నీ అంగడి మూయిస్తానని నడిబజార్లో అన్నాడు."

ఆ మధ్యాహ్నమే భువన, శామ్ మైదుకూరు వెళ్లారు. గుండు చేయించుకున్న రంగస్వామి వాళ్లను గడప తొక్కనివ్వలేదు.

"వాని తరపున వచ్చినారా? పోండి ఈడ్నుంచి!"

"మీ ఫోన్ ఎవరెత్తారో కనుక్కోవడానికి వచ్చాం," అంది భువన కదలకుండా. "ఎత్తింది లేవి కాదేమో అనిపిస్తోంది."

అతను పళ్లు కొరుకుతూనే ఫోన్ తీశాడు. మాటలన్నీ అందులో రికార్డయి ఉన్నాయి. ఒక మగగొంతు నిదానంగా చెబుతోంది. "గంటలో బండి వస్తాదన్నా. దుడ్లు తర్వాత చూసుకుందాం. యాడికీ ఫోన్ చేయొద్దండి, పెట్టె బయలుదేరింది."

"నాలుగు గంటలు చూసినాం," అన్నాడు రంగస్వామి. "మళ్లీ చేస్తే ఫోన్ ఆపేసినాడు."

భువన చెప్పగా శామ్ తన ఫోన్‌లో ఐస్‌బాక్స్ అని వెతికాడు. అన్నిటికంటే పైన లేవి పేరు, ఎర్రగుంట్ల చిరునామాతో ప్రకటన వచ్చింది. లేవి ఇచ్చిన కార్డు పక్కన పెట్టి చూశాడు. పేరు అదే. ఫోన్ నంబరు మాత్రం వేరు. భువన ప్రకటన పక్కనున్న మూడు చుక్కలు నొక్కింది. దాన్ని పెట్టించిన మనిషి పేరు కనబడింది: సుంకప్ప.

ఆ పేరు గల మనిషి రంగస్వామికి తెలియదు. ఫోన్ చేసి అడిగితే లేవికీ తెలియదు.

మరునాడు ఎర్రగుంట్లలో దిగగానే శామ్ మళ్లీ వెతికాడు. ఆ ప్రకటన రాలేదు. లేవి సొంత ప్రకటన, సరైన నంబరుతో వచ్చింది.

"తీసేసినారేమో మేడం."

"మైదుకూరుకు ఫోన్ చేసి అడుగు శామన్నా."

అక్కడ ఇంకా కనబడుతూనే ఉందని రంగస్వామి కసిరి ఫోన్ పెట్టేశాడు.

వీరభద్ర తన అంగడి ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "అన్నాను. ఇంకోసారీ అంటాను. వాడు మూసుకుంటే నాకు సంతోషమే."

"నాలుగు రోజుల కింద, రంగస్వామిగారి అమ్మ పోయిన రోజు, మీ పెట్టెలు ఎక్కడికి వెళ్లాయి?"

"యాడికి పోతాయి? మూడూ ఈడనే పడుండె. కావాలంటే వీధిలో ఎవర్నైనా అడుగుపో."

అడిగితే ఆ మాట నిజమేనని తేలింది.

రైలు గేటు దగ్గర బ్యానర్లు అచ్చేసే అంగడి నడిపే బసవన్నే లేవికి ప్రకటన పెట్టించింది. సన్నటి మనిషి. అడిగినదానికల్లా ఓపిగ్గా చెప్పాడు.

"వెతికేవాళ్లకు మన పేరు ముందు కనపడల్లంటే ప్రకటన పెట్టల్ల మేడం. యా ఊర్లో కనపడల్లో, యా ఊర్లో వద్దో మనమే చెప్పొచ్చు. కానీ ఇప్పుడు ప్రకటనలకు దుడ్లు పెట్టేటోళ్లు శానా తక్కువ."

శామ్ కలం ఆగింది. భువన మాత్రం ఏమీ విననట్టే లేచింది.

బయటికొచ్చాక లేవికి ఫోన్ చేసి ఒక్కటే అడిగింది, బసవన్నది ఏ ఊరని. కోసిగి అని విన్నట్టు లేవి చెప్పాడు. కోసిగిలో తెలిసిన ఒక టీచరు సాయంతో ఆమె ఒక ఇంటికి ఫోన్ చేసింది. శామ్‌కు ఒకవైపు మాటలే వినబడ్డాయి.

"సుంకప్పగారి ఇల్లేనా? ... మీరు ఆయన భార్యా? ... ఎర్రగుంట్లలోనా? ... మీరు చూడనే లేదా అమ్మా?"

ఫోన్ పెట్టేసి, రేపు పొద్దున అందర్నీ లేవి అంగడికి రమ్మని చెప్పమంది.

మర్నాడు పొద్దున లేవి అంగడిలో అందరూ చేరారు. రంగస్వామి కర్రతో వచ్చాడు. వీరభద్ర గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బసవన్న ఫోన్ చేతిలో పట్టుకుని మూలన కూర్చున్నాడు.

"లేవి పేరుతో రెండు ప్రకటనలు ఉన్నాయి," అని మొదలుపెట్టింది భువన. "ఒకటి అసలు, ఒకటి దొంగ. రంగస్వామిగారు దొంగ నంబరుకు ఫోన్ చేశారు. వీరభద్రే చేసి ఉంటే ఆ బేరం తనకే తిప్పుకునేవాడు. ఆయన పెట్టెలు మూడూ అంగట్లోనే ఉన్నాయి. అంటే ఈ పని చేసినవాడికి బేరం అక్కర్లేదు. ఒక ఇంట్లోవాళ్లు శవం పెట్టుకుని ఎదురుచూడాలి, ఆ పాపం లేవి మీద పడాలి. అంతే."

"ఎవడు వాడు?" రంగస్వామి కర్ర నేలకు కొట్టాడు.

"దొంగ ప్రకటన ఎర్రగుంట్లలో కనబడదు, లేవి కంట పడకుండా. ఇది అలా చేయడం తెలిసినవాడి పని. ఫోన్‌లో మాట్లాడినవాడు డబ్బును 'దుడ్లు' అన్నాడు. కడప మనిషైతే 'లెక్క' అంటాడు. అది కోసిగి వైపు మాట. ఇక సుంకప్ప. ఆయన రెండేళ్ల కింద ఈ ఊళ్లోనే సిమెంటు మూటలు మోస్తూ చనిపోయాడని ఆయన భార్య ఫోన్‌లో చెప్పింది. ఆ చనిపోయిన మనిషి గుర్తింపు కాగితాలతో ప్రకటన పెట్టించింది ఆయన కొడుకు. బసవన్నా, ముందు దాన్ని ఆపు. ఇప్పుడు కూడా ఎవరింట్లోనో ఎదురుచూస్తూ ఉండొచ్చు."

బసవన్న ఫోన్‌లో రెండుసార్లు నొక్కి ఆమెకు చూపించాడు.

"సుంకప్పా? ఎవరాయప్ప?" అన్నాడు లేవి అయోమయంగా.

బసవన్న ఒక్కసారిగా లేచాడు. "పేరు కూడా తెలీదు నీకు! మా అమ్మ గుంటూరు పక్క మిరపకోతకు పోయింటే మా నాయన ఈడ పోయినాడు. నీకు ఫోన్ చేస్తి. గంటలో పంపుతానంటివి. నాకు రావాల్సిన పెట్టెను ఎవరో కాంట్రాక్టరు ఇంటికి పంపితివి. సందకాడ దాకా గుడిసె బయట నిలబడి చూస్తి. మా అమ్మ వచ్చేసరికి మట్టి కప్పేసినాం."

లేవి నుదుటి కట్టు తడుముకున్నాడు. "ఆ పొద్దు... ఒకటే పెట్టె ఉండె..."

"లేదని ఒక్క మాట చెప్పింటే నేను కడప నుంచి తెచ్చుకొనుంటిని! ఒక్క మాట!"

శామ్ భువన వైపు చూశాడు. ఆమె అప్పటికే స్టేషన్‌కు ఫోన్ చేస్తోంది. రంగస్వామి లేచి బసవన్నకు ఎదురుగా వెళ్లాడు.

"ఆ మాట నాకు చెప్పినావా నువ్వు?"

రంగస్వామి తన ఫోన్ తీసి అతని ముందు పెట్టాడు.

"యాడికీ ఫోన్ చేయొద్దంటివే. నేనూ కడప నుంచి తెచ్చుకొనుంటిని కదప్పా. మా యమ్మ నీకేం చేసింది?"

రంగస్వామి కర్ర ఎత్తలేదు. జవాబు కోసం అట్లాగే నిలబడ్డాడు. పోలీసు జీపు వచ్చి బసవన్నను ఎక్కించుకుపోయేదాకా ఆ జవాబు రాలేదు.