చెక్క వాటం

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అమ్మ కుట్టుమిషను. ఆ రోజు మాత్రం దానికన్నా ముందే పెరటి షెడ్డులో నాన్న చీపురు చప్పుడు వినిపించింది. నలభై ఏళ్లు ఊరందరికీ తలుపులు చేసిపెట్టి, నడుం పట్టేసి పని మానేసిన మనిషాయన. రెండేళ్లు కుర్చీలో కూర్చుని ఇంట్లోవాళ్లని సతాయించాడు. "నాన్నా, నేనో ఎలక్ట్రిక్ గిటారు చేసుకుంటా, షెడ్డు తాళం ఇస్తావా?" అని కూతురు అడిగిన రోజు నుంచి మళ్లీ మనుషుల్లో పడ్డాడు.

చెక్క అమ్మ ఇచ్చింది. పాతికేళ్లు బట్ట పరిచి కత్తిరించిన బల్ల తాలూకు పైపలక, రెండంగుళాల మందం. చిత్రిక పట్టడం నాన్న నేర్పాడు. "ముందు చెక్క వాటం చూడు. వాటానికి ఎదురు పట్టావో, పోగులు పోగులుగా లేచిపోతుంది" అని మొదటి రోజే చెప్పాడు. కూతురు రెండు నెలలు కోసి, అరగదీసి, పలకని గిటారు ఆకారానికి తెచ్చింది. ఇక గుంటలు తియ్యాలి. గిటారు మెడ దిగడానికి ఒకటి, తీగల చప్పుడు పట్టే పికప్పులకు రెండు.

"ఏం మేస్త్రీ గారూ, ఇవాళ సెలవు పెట్టకూడదూ?" అన్నాడు నాన్న గుమ్మంలోంచి, పనికి బయల్దేరిన కూతురితో.

"కుదరదు నాన్నా, కళ్లజోళ్ల కొట్లో ఇవాళ నేనొక్కదాన్నే. ఆదివారం ఇద్దరం కలిసి తీద్దాం. అప్పటిదాకా నడుం జాగ్రత్త!"

ఆమె అటు వెళ్లగానే ఈయన ఇటు షెడ్డులో దూరాడు. గోడకి అంటించిన గిటారు బొమ్మని చూశాడు, బల్లమీది పలకని చూశాడు. బొమ్మలో మెడ పక్కన పొడుచుకొచ్చిన పొడవాటి కొమ్ము ఒకవైపుంటే పలకకి రెండోవైపుంది. "అయ్యో, పిచ్చిపిల్ల పలకని తిరగేసి పెట్టుకుంది! ఆదివారం ఇలాగే గుంట తీసుంటే కొంప మునిగేది!" అనుకున్నాడు. పలకనీ, గుంటల కొలతలకి ఆమె కత్తిరించుకున్న నమూనా అట్టనీ కూడా బోర్లించి, గుంటలు తీసే మిషను పెట్టి సాయంత్రానికల్లా మూడు గుంటలూ తీసేశాడు. కూతురు చూసి మెచ్చుకుంటుందని, టీ కూడా తాగకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

ఆమె షెడ్డులోకి వచ్చి, భుజాన సంచి తియ్యకుండానే ఆగిపోయింది.

"ఏం చేశావు నాన్నా?"

"సరిచేశానమ్మా! నువ్వు వెనకవైపు పైకి పెట్టుకున్నావు. నేను చూశాను కాబట్టి సరిపోయింది."

ఆమె ఒక గుంటలో వేలు పెట్టి చూసింది. తర్వాత పలకని మెల్లగా తిరగేసింది. "ఇదీ ముందువైపు. ఆ బొమ్మలోది కుడిచేతివాళ్ల గిటారు. నేను ఎడంచేత్తో వాయిస్తాను నాన్నా."

"ఎడంచేత్తోనా? ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి!" అని అరిచింది ఆమె. "నాకు ఆరేళ్లప్పుడూ ఇదే మాటన్నావు. సరిచేశా, సరిచేశా అని వీధంతా చెప్పుకున్నావు. ఎడంచేతికి గుడ్డసంచి తొడిగి కుడిచేత్తో రాయించావు. ఆ చేత్తోనే నాలుగేళ్లు గిటారు మీటి, నావల్ల కాదని వదిలేశాను. పోయినేడు ఒక కొట్లో ఎడంచేతి గిటారు పట్టుకుని చూశా. అప్పటిదాకా నాకు రాదనుకున్నదంతా వచ్చింది. అక్కడే నిలబడి ఏడ్చాను. ఇప్పుడు దీన్ని కూడా సరిచేశావు!"

"ఒక్కమాట నాతో చెప్పొచ్చుగా, తల్లీ?"

"నోరు రాలేదు."

నిజమే. పుర్రచెయ్యి అన్న మాట ఆ ఇంట్లో వినపడి పాతికేళ్లు దాటింది.

మెడలో టేపు వేలాడేసుకుని అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఆయన్నొక్కణ్ణే అనకు. ఆ సంచి కుట్టింది నేను. నువ్వు ఊడదీసుకోకుండా మూతికి తాడు ఎక్కించిందీ నేనే" అంది.

నాన్న చిత్రిక చేతిలోకి తీసుకుని, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ బల్లమీద పెట్టాడు. "నలభై ఏళ్లలో ఒక్క చెక్కకీ ఎదురు చిత్రిక పట్టలేదు నేను. కన్నకూతురి వాటం మాత్రం చూడలేకపోయాను. తప్పయిపోయిందమ్మా." కళ్లు తుడుచుకుందామంటే చేతుల నిండా రంపంపొట్టు. కూతురే తన చున్నీతో తుడిచింది, తనూ ఏడుస్తూనే.

"సరే, ఏడ్చింది చాలు" అంది అమ్మ ముక్కు చీదుకుని. పలకని అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచివైపు చెక్కుచెదరలేదుగా? గుంటలు పడింది తిరుగువైపేగా? బట్టకైతే తిరుగువైపు మాసిక వేస్తాం. చెక్కకి వెయ్యరా ఏం?"

నాన్న ముఖం వెలిగింది. "వేస్తాం! ఎందుకు వెయ్యం! గుంటలు సగం మందం కూడా లేవు. కానీ అదే చెక్క కావాలి. ఆ బల్ల కాళ్లేవీ?"

"అటకమీద. పారేస్తానని మీరు గొడవచేస్తే, నేనేగా దాచింది!"

కూతురికి ఏడుపులోనే నవ్వొచ్చింది. రెండు నెలల కష్టం మట్టిపాలయిందనుకున్న గుండె అప్పటికి కుదుటపడింది.

ఆదివారం బల్లకాలు కోసి, వాటం కలిపి, నాన్న మూడు ముక్కలూ గుంటల్లో బిగించి బంకపెట్టాడు. మరుసటి ఆదివారం ముందువైపు గుంటలు కూతురే తీసింది. మిషను ఎడంచేత్తో నడుపుతుంటే నాన్న చెయ్యి రెండుసార్లు ముందుకొచ్చింది.

"ఇంకోసారి ఆ పలక ముట్టుకున్నారంటే, ఈసారి మీ రెండు చేతులకీ కుడతా సంచి!" అంది అమ్మ.

ఇంకో నెల పట్టింది మెడ బిగించి, వైర్లు కలిపి, తీగలెక్కించడానికి. వెనక మాసికలు కనపడకుండా రంగు వేస్తానన్నాడు నాన్న.

"వద్దు నాన్నా, ఉండనీ. అవి నా పొట్టకి ఆనుకునుంటాయి" అంది కూతురు.

స్పీకరు పెట్టె మీట నొక్కి, ముక్కాలిపీట మీద కూర్చుంది. కుడిచెయ్యి మెడ మీద పెట్టి ఎడంచేత్తో తీగ మీటింది. షెడ్డు రేకులు జుమ్మన్నాయి. తర్వాత ఒక పాట మొదలుపెట్టింది, ఎక్కడా తడుముకోలేదు. ఒకప్పుడు సంచిలో పెట్టి కట్టిన చెయ్యి అంత హాయిగా ఆడటం వాళ్లిద్దరూ ఎన్నడూ చూడలేదు.

"ఏమేవ్, చూశావా వాటం!" అన్నాడు నాన్న, కారుతున్న కన్నీళ్లు తుడుచుకోకుండానే.

"నేను చూశాలెండి" అంది అమ్మ. "మీరూ చూశారు. అంతే చాలు."