చెరుపు గుమ్మం

ఆ ఉదయం ఫణీంద్ర టిఫిన్ హోటల్లోంచి బయటికి వచ్చేసరికి కడుపు నిండుగా ఉంది. ఏం తిన్నాడో మాత్రం గుర్తులేదు. వేళ్ళకు అంటిన అల్లం వాసనను బట్టి పెసరట్టు అయ్యుంటుందనుకున్నాడు.

కాకినాడలో ఇప్పుడు అందరూ అలాగే తింటున్నారు. హోటళ్ళకూ సినిమా హాళ్ళకూ మ్యూజియాలకూ స్మృతిమార్జనులు వచ్చి చాలాకాలమైంది. తలుపు చట్రంలో అమర్చిన ఆ యంత్రం, మనిషి లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచి బయటికి వెళ్ళేదాకా మనసులో చేరిన జ్ఞాపకాన్ని తుడిచేస్తుంది. రేపటి పెసరట్టు మళ్ళీ మొదటిసారి తిన్నట్టే ఉంటుంది. చూసిన సినిమా మళ్ళీ కొత్తదే అవుతుంది. జనం దాన్ని చెరుపు గుమ్మం అంటారు.

అక్కడినుంచి అతను సూరపరాజు మేడకు నడిచాడు. పెద్దాడ సూరపరాజు ఒకప్పుడు ఓడల వ్యాపారి. సంపాదించిందంతా బొమ్మలకే పోసి, పోయేముందు మేడను ఊరికి రాసిచ్చాడు. లోపల ఒక్క కుర్చీ కూడా కదపకూడదని షరతు పెట్టాడు. అందుకే మ్యూజియం అయ్యాక కూడా చిత్రాలన్నీ ఆయన ఉంచినచోటే ఉన్నాయి. కొన్ని భోజనాల బల్ల వెనక, కొన్ని మెట్ల మలుపులో, ఒకటి స్నానాల గదిలో.

మేడ మీద సూరపరాజు పడకగదికి వెళ్ళిన ఫణీంద్ర గడప దగ్గరే ఆగిపోయాడు. పందిరిమంచం పక్కన అతని చెల్లెలు మందాకిని నిలబడి ఉంది.

అమ్మ పోయినప్పటి నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. అప్పుడామె నాగపూర్‌లో ఉండేది. ఆమె ఇంకా దారిలో ఉండగానే, తుపాను ముంచుకొస్తోందని అతను దహనం కానిచ్చేశాడు. మందాకిని వచ్చేసరికి బూడిద మిగిలింది. ఆ తర్వాత ఇదే ఊరికి బదిలీ మీద వచ్చినా ఆమె అన్న గడప తొక్కలేదు.

ఆమె ఎదుటి గోడకు, చాప మీద నిద్రపోతున్న ఒక ముసలామె బొమ్మ ఉంది. ఫణీంద్ర వెనక్కి తిరగబోయాడు.

"ఆగు," అంది మందాకిని, బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే. "ఒకటి అడుగుతాను చెప్పు. చివర్లో అమ్మ మొహం ఎలా ఉంది?"

ఇన్నేళ్ళలో ఎవరూ అతన్ని ఆ మాట అడగలేదు.

"కోపమొస్తే కనుబొమల మధ్య గీత పడేది చూడు... అది లేదు," అన్నాడు. "నోరు కాస్త తెరుచుకుని ఉంది. మనం వీధిలోంచి పిలిస్తే వంటింట్లోంచి 'ఆఁ' అనేది కదా, అలాగ. ఎడమ చెవి కమ్మ ఎంత లాగినా రాలేదు. నొప్పెడుతుందేమోనని వదిలేశాను. పోయిన మనిషికి నొప్పేవిటని పక్కింటావిడ కేకలేసింది."

మందాకిని భుజాలు కదిలాయి. తాకరాదని రాసి ఉన్న మంచం మీదే కూలబడి, చాలాసేపు ఏడ్చింది. ఏం చెయ్యాలో తెలియక అతను పక్కన నిలబడ్డాడు.

"శ్మశానానికి నువ్వొక్కడివే వెళ్ళావా?"

"ఆ వానలో ఇంకెవరొస్తారు? బండివాడు దింపేసి పోయాడు. నీకోసం ఆగుదామనే ఉంది. కానీ సముద్రం నీళ్ళు లోపలికి వచ్చేస్తున్నాయి. భయమేసిందే మందా."

ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంక ఆ మాట ఎత్తను అన్నయ్యా," అంది. "ఆదివారం మీ ఇంటికొస్తాను. వదినతో చెప్పు."

మిగతా గదులు ఇద్దరూ కలిసి చూశారు. కిందికి వచ్చాక ఫణీంద్ర గొడుగు తెచ్చుకోవడానికి పక్క వసారాలోకి వెళ్ళాడు. ఒకప్పుడు పనివాళ్ళు వాడిన గుమ్మం అక్కడే ఉంది. దానికి యంత్రం లేదు. ఇవాళ్టిది పోగొట్టుకోదలచక అతను అటునుంచే బయటపడ్డాడు. చెల్లెలికి కూడా చెప్పాలని తోచలేదు. ఆమె మాత్రం కళ్ళు తుడుచుకుంటూ, ఎప్పటి అలవాటు కొద్దీ సింహద్వారం దాటింది.

అతను ముందువైపుకు వచ్చేసరికి మందాకిని మెట్ల మీద, ద్వారం దగ్గర పనిచేసే రహీమాతో మాట్లాడుతోంది.

"కళ్ళు మండుతున్నాయి. లోపల బొమ్మలు బాగా ఏడిపించినట్టున్నాయి," అంటోంది నవ్వుతూ.

"చాలామంది అలాగే వస్తారమ్మా," అంది రహీమా.

అన్నను చూడగానే మందాకిని నవ్వు ఆగిపోయింది. మొహం తిప్పుకుని గబగబా మెట్లు దిగింది.

జరిగిందేమిటో ఫణీంద్రకు అప్పుడు తెలిసింది.

"ఆవిడకి పోయింది మళ్ళీ తెప్పించొచ్చా అమ్మా?" అని రహీమాను అడిగాడు.

"చెరిపేశాక ఇంకేం మిగలదండి," అందామె. "కావాలంటే మీరూ ఆ పక్క గుమ్మంలోంచే లోపలికెళ్ళి ఇటునుంచి రండి. ఇద్దరికీ సమానమైపోద్ది."

అతను తల అడ్డంగా ఊపి, గేటు వైపు పరుగెత్తాడు.

"మందా! మనం ఇప్పుడే లోపల మాట్లాడుకున్నాం. అమ్మ మొహం ఎలా ఉందని అడిగావు, చెప్పాను. ఇంక ఆ మాట ఎత్తనన్నావు."

ఆమె ఆగింది. అన్న తొందరపాటు మనిషేగానీ అబద్ధాలాడేవాడు కాదని ఆమెకు తెలుసు.

"ఏం చెప్పావు?"

రోడ్డు పక్కన, బస్సుల రొదలో, అతను మళ్ళీ మొదలుపెట్టాడు. కనుబొమల మధ్య గీత, తెరుచుకున్న నోరు, రాని కమ్మ, లోపలికొచ్చిన నీళ్ళు. మాటలు అవే, వరసా అదే. ఒకసారి చెప్పినవి కావడంతో ఈసారి ఎక్కడా తడబడకుండా వచ్చేశాయి. మందాకిని మధ్యలో అడ్డు తగలకుండా అంతా విన్నది.

"లోపలా ఇలాగే చెప్పావా?"

"ఇలాగే."

"నేనేం చేశాను?"

"ఏడ్చావు. నా చెయ్యి పట్టుకున్నావు."

ఆమె తన ఉబ్బిన కనురెప్పలను వేలి కొసతో తడిమి చూసుకుంది.

"నువ్వు చెప్పేది నిజమేనని తెలుస్తోంది," అంది మెల్లగా. "కానీ నాకిప్పుడు ఏడుపు రావట్లేదు. అమ్మ గురించి వింటే రావాలి కదా, అన్నయ్యా?"

అతను చెయ్యి చాపాడు. ఎవరో కొత్తమనిషి సాయం చెయ్యబోతే కాదనలేనట్టు, ఆమె ఆ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది. అవతలికి చేరగానే వదిలేసింది.