కూతురికి చూపించని చెయ్యి

కుళాయిని తల్లి మోచేత్తో తోసి తిప్పడం ఆ ఉదయం కూతురి కంటపడింది. ఆమె చేతులకు తడి లేదు, పిండి లేదు. ఏమైందని అడిగితే రాత్రి చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నానంది. కాసేపటికి అదే సర్దుకుంటుందంటూ, టీ కప్పును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

ముందు గదే వాళ్ళ కుట్టు దుకాణం. ఇంటికీ దుకాణానికీ మధ్య ఒక కర్టెన్ అడ్డం, అంతే. వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అంటారు. బస్సు డ్రైవరుగా రిటైరైన భర్త ఇప్పుడు ఆమె దగ్గరే ఇస్త్రీ చేస్తాడు, బొత్తాలు కుడతాడు. ఉద్యోగంలో తనను ఇన్ని తిట్లు తిట్టిన పై అధికారి లేడని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు. ఒక్కగానొక్క కూతురు చిన్నప్పుడు గుడ్డలు కత్తిరించే బల్ల చుట్టూ తిరుగుతూనే ఉండేదని బొంగరమని పేరు పెట్టారు. ఆ పేరే మిగిలిపోయింది.

బొంగరం ఇప్పుడు కైరోప్రాక్టర్, అంటే వెన్నూ కీళ్ళూ చేత్తో సరిచేసి నొప్పి తగ్గించే మనిషి. పక్క వీధిలో చిన్న క్లినిక్ పెట్టుకుంది. ఆమె దగ్గరికి వచ్చేది ఎక్కువగా వయసు మీరినవాళ్ళే. చొక్కా బొత్తం పెట్టుకోలేని బొటనవేళ్ళు, గ్లాసు ఎత్తలేని మణికట్లు, నిద్రలో తిమ్మిరెక్కే అరచేతులు. మెడ దగ్గర మొదలుపెట్టి వేలి చివరి దాకా ఓపికగా చూస్తుంది. అవసరమైన కీలును మెల్లగా కదిలిస్తుంది, పట్టీ కడుతుంది, ఇంట్లో చేసుకునే వ్యాయామాలు నేర్పుతుంది. వాళ్ళలో కొందరు బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు, మీ అమ్మాయి వల్లే నయమైందని టైలరమ్మకు చెప్పేవారు. ఆమె ఊఁ కొట్టి కొలత టేపు తీసేది. మీ అమ్మాయి ఏం చేస్తుందని కొత్తవాళ్ళు అడిగితే, ఆసుపత్రిలో ఏదో పనని చెప్పేది. కర్టెన్ ఇవతల ఆ మాట విన్న ప్రతిసారీ బొంగరం మనసు చిన్నబుచ్చుకునేది.

తల్లికి కూతుర్ని డాక్టరుగా చూడాలని ఉండేది. ఈ చదువు ఎంచుకున్నప్పుడు, ఇంత చదివీ చివరికి జనాల కీళ్ళు విరుస్తావా అని మొహం మాడ్చుకుని చాలా రోజులు మాట్లాడలేదు. తర్వాత మాటలు కలిశాయి కానీ ఆ సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తరు.

టిఫిను ముగుస్తుండగా సంగీతం టీచరు ట్రయల్‌కి వచ్చింది. పిల్లల బృందంతో పాడించడానికి వేరే ఊరు వెళ్ళాలి. అక్కడ చలి. అందుకని ముదురు నీలం ఉన్ని కోటు కుట్టమంది. కొలత చూసుకోవడానికి పైపైన టాకాలు వేసి ఉంచిన కోటు తొడుక్కుని, పిల్లల చేత పాడిస్తున్నట్టు రెండు చేతులూ పైకెత్తింది. ఎడమ చెయ్యి హాయిగా లేచింది. కుడి చెయ్యి సగంలో ఆగి, కోటు మొత్తం వెనక్కి మెలితిరిగింది.

"టైలరమ్మగారూ, ఈ కోటు నన్ను అరెస్టు చేస్తోందండీ" అని టీచరు నవ్వింది.

టైలరమ్మ నవ్వలేదు. దగ్గరికి వచ్చి భుజం దగ్గర కుట్టు తడిమింది. ఆమె మొహం పాలిపోయింది. టాకాలు తాను సరిగ్గానే వేశానని భర్త నసిగాడు. కర్టెన్ పక్కకు తోసి బొంగరం వచ్చి చూసింది. తప్పు టాకాలది కాదు. కోటుకున్న రెండూ ఎడమ చేతులే.

మళ్ళీ కుట్టి ఇస్తానని తల్లి తలవంచుకుని చెప్పి, టీచరును పంపించింది. అందుకు గుడ్డ దొరుకుతుందో లేదో ఆమెకే తెలియదు.

బొంగరం ఆ బల్ల కిందే పెరిగిన పిల్ల. అమ్మ ఎప్పుడూ గుడ్డను మడతపెట్టి, రెండు పొరలూ కలిపి ఒకేసారి కత్తిరిస్తుంది. అలా చేస్తే కోటు చేతులు ఒకటి కుడిది, ఒకటి ఎడమది వాటంతటవే వస్తాయి. పొరపాటు చేయాలన్నా కుదరదు. రెండూ ఒకే వైపువి వచ్చాయంటే అమ్మ మడత విప్పి ఒక్కో పొరా విడిగా కత్తిరించి ఉండాలి. రెండోసారి నమూనా కాగితం తిరగేయడం మరిచిపోయి ఉండాలి. జన్మలో లేని ఆ అలవాటు ఇప్పుడెందుకు వచ్చింది?

"అమ్మా, రెండు పొరల మీద కత్తెర ఆడటం లేదు కదూ?"

"ఉన్ని గుడ్డ. మందంగా ఉంది" అంది తల్లి.

"ఇంతకు ముందు కుట్టిన ఉన్ని కోట్లన్నీ పల్చటివా? చెయ్యి ఇలా తే."

తల్లి చేతిని చటుక్కున కొంగులో చుట్టుకుంది. ఆ తొందరలో మణికట్టు కలుక్కుమంది. పళ్ళు బిగించినా మూలుగు బయటపడింది. తండ్రి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నీళ్ళు నమిలాడు. కూతురు కళ్ళెర్రజేసేసరికి ఉన్నదంతా చెప్పేశాడు. వానలు మొదలైనప్పటి నుంచీ బొటనవేలి మొదట్లో నొప్పి. పోయిన వారం మార్కెట్ వెనక మసాజులు చేసే ఒకాయన దగ్గరికి వెళ్ళారు. ఆయన పట్టి ఒక్క గుంజు గుంజాడు. అప్పటి నుంచి వాపు దిగలేదు.

బొంగరం తల మీద చన్నీళ్ళు గుమ్మరించినట్టయింది. కోపంకంటే ముందు ఏడుపొచ్చింది.

"ఎవడో ముక్కూమొహం తెలియనివాడికి చెయ్యి ఇచ్చావు. నాకివ్వలేదు. నా చదువంటే నీకంత చులకనా? ఊళ్ళో పెద్దవాళ్ళందరూ నా ముందు చేతులు చాస్తారు. నువ్వు మాత్రం మోచేత్తో కుళాయి తిప్పుకుంటావు. నేనంటే నీకు నమ్మకం లేదని ఒక్కసారి మొహం మీద చెప్పెయ్యి. నేనూ ఆశ వదిలేసుకుంటాను."

తండ్రి మధ్యలో కల్పించుకోబోయాడు. తల్లి చూపుతోనే ఆయన్ను ఆపింది. బల్ల పక్కనున్న స్టూలు మీద నెమ్మదిగా కూర్చుంది.

"నమ్మకం లేకనా? వాడు ఏం చెప్పినా ఆ మాట వాడి గుమ్మంలోనే వదిలేసి రావచ్చే. వాడి మొహం, వాడికేం తెలుసు అనుకోవచ్చు. నువ్వు చూసి, ఇక కత్తెర పట్టొద్దమ్మా అంటే నేనేం చెయ్యాలి? నీ మాట నమ్మకుండా ఉండలేను కదా."

ఇన్నాళ్ళూ తల్లి మౌనాన్ని తాను ఎంత తప్పుగా చదువుకుందో బొంగరానికి అప్పుడు అర్థమైంది. నేల మీద మోకాళ్ళేసి కూర్చుంది.

తల్లి కొంగు విప్పి కుడిచెయ్యి కూతురి ఒళ్ళో పెట్టింది. బొంగరం ముందు మెడ చూసింది, భుజం చూసింది, మోచెయ్యి చూసింది. తిమ్మిరి ఏ వేళ్ళలో ఉంటుందో, తెల్లవారుజామున ఎలా ఉంటుందో అడిగింది. చివరికి బొటనవేలి మొదట్లో ఉబ్బిన చోటును తాకీ తాకనట్టు తాకింది. అక్కడ వేడిగా ఉంది. తల్లి కళ్ళు గట్టిగా మూసుకుని, కీలు ఎప్పుడు టక్కుమంటుందా అని భుజాలు బిగించింది.

"నేనిప్పుడు ఏమీ లాగనమ్మా. ఈ చేతిని అసలు కదపను."

"మరి?"

"వాడు గుంజాక వాపు వచ్చింది. నీ వయసులో ఎముక బీటవారి ఉండొచ్చు. ముందు ఎక్స్‌రే తీయించి, ఎముకల డాక్టరుకు చూపిద్దాం. ఏమీ లేదని తేలాకే నా పని."

తల్లి కళ్ళు తెరిచింది. బల్ల మీదికి చూపు తిప్పింది.

"కత్తెర సంగతి?"

ఒక మంచి అబద్ధం బొంగరం నాలుక చివరిదాకా వచ్చింది. రోజూ తన క్లినిక్‌లో ఎంతమందో ఇదే ప్రశ్న వేస్తారు. ఒకరు తోట గురించి, ఒకరు వయొలిన్ గురించి. వాళ్ళకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"కీలు అరిగినట్టుంది. అరిగింది వెనక్కి రాదు. నొప్పి తగ్గించగలం, పట్టు కొంత తేగలం. పల్చటి గుడ్డ కొన్నాళ్ళకి మళ్ళీ కత్తిరిస్తావు, మధ్యమధ్యలో ఆగి. మందం గుడ్డ..." ఆమె ఆగింది. "అది ఇక వద్దమ్మా."

తండ్రి గోడవైపు తిరిగి, మడతపెట్టిన చొక్కానే మళ్ళీ మడతపెట్టాడు. టైలరమ్మ బల్ల పొడవునా చూసింది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు జారాయి. తుడుచుకోలేదు. కూతురి మాటకు ఎదురు చెప్పలేదు, బేరమూ ఆడలేదు.

బొంగరం మెత్తటి పట్టీ తెచ్చి, బొటనవేలికి దన్నుగా ఉండేలా కట్టింది. ముడి వేసి, పైకి లేవబోయింది.

తల్లి ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది. పట్టీ కట్టిన చెయ్యి కాదు, రెండోది. ఆ చేతికీ ఏదో అయిందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. దాన్ని ముందుకు చాచి, వేళ్ళు విప్పడానికి ప్రయత్నించింది. చిటికెన వేలు, దాని పక్క వేలు పూర్తిగా విచ్చుకోలేదు.

"దీన్ని కూడా చూడవే" అంది. "ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు."